బలవంతంగా, దొంగచాటుగా

ఆదివారం సాయంత్రాలు మేం ఐదారుగురం ఫోనులో కలుసుకుని, వారానికొక సర్గ చొప్పున హోమర్ గ్రీకు కావ్యం ఒడిస్సీ చదువుకుంటున్నాం. చదివేది ఇంగ్లీషు అనువాదాల్లో, మాట్లాడుకునేది తెలుగులో. గత నెల 22వ సర్గ వంతు వచ్చింది. ట్రాయ్ యుద్ధం తరువాత ముష్టివాడి వేషంలో ఇల్లు చేరిన ఒడీసియస్ విల్లు ఎక్కుపెట్టిన దగ్గర్నుంచి, అతని భార్య పెనెలపీని పెళ్ళాడతామని ఇంట్లో తిష్ఠ వేసిన ఆ 108 మంది వివాహార్థులూ నేలకూలేదాకా అందరం ఉత్సాహంగానే విన్నాం. ఆ తరువాత, వాళ్ళతో కలిశారని పన్నెండు మంది దాసీలకు వేసిన ఉరి దగ్గరికి వచ్చేసరికి చదువుతున్న మిత్రురాలి గొంతు మారింది. ఆ పంక్తులు గబగబా చదివేసి, ఇవాళ్టికి చాలిద్దాం అన్నారు. కొంచెంసేపు ఎవరూ మాట్లాడలేదు. అప్పుడు మాలో పెద్దవారు, చరిత్ర పాఠాలు చెప్పి పదవీ విరమణ చేసినాయన, "ఆ కాలం విలువలు అవి. మన తూనికరాళ్ళతో వాళ్ళని తూచకూడదు" అన్నారు. అందరం ఒప్పుకున్నాం. నిజం చెప్పాలంటే అందరికన్నా ముందు ఊఁ కొట్టింది నేనే. ఆ మాట వినగానే ఆ సర్గలోంచి బయటపడే దారి దొరికినట్టు అనిపించింది.

తరువాత రెండు మూడు రోజులు అదే సర్గ మళ్ళీ మళ్ళీ చదివాను. గ్రీకు నాకు రాదు. ఎదురుపేజీలో మూలం ఉన్న ప్రతిని నిఘంటువు పక్కన పెట్టుకుని, ఒక్కో మాటా వెతుక్కుంటూ వెళ్ళాను. అలా వెళ్ళగా, ఆయన చెప్పిన సమాధానం సరిపోదనిపించింది. మన విలువలు గొప్పవి, వాళ్ళవి తక్కువవి అనే వాదం నేను చేయబోవడం లేదు. ఆ దాసీల తరఫున చెప్పగలిగిన మాటలన్నీ ఆ కావ్యంలోనే ఉన్నాయి, వాటిలో ముఖ్యమైనది కథానాయకుడి నోటనే ఉంది. వాటిని వినకుండా తీర్పు మాత్రం విని, "ఆ కాలం అంతే" అనడం ఆ కాలాన్ని కూడా తక్కువ చేయడమే అవుతుంది.

రెండు మాటలు

తానెవరో చెప్పుకున్న మరుక్షణం ఒడీసియస్ వివాహార్థుల్ని "కుక్కల్లారా" అని పిలిచి మూడు నేరాలు మోపుతాడు. నా ఇల్లు తిని గుల్ల చేశారు. నా దాసీలతో బలవంతంగా పడుకున్నారు. నేను బతికి ఉండగానే నా భార్యను పెళ్ళాడజూశారు. ఇవన్నీ చేసేటప్పుడు పైనున్న దేవతలకూ భయపడలేదు, రేపు మనుషులు ఏమంటారో అనీ భయపడలేదు. ఇంటి సొత్తు, ఇంటి ఆడవాళ్ళు, దైవభీతి, లోకనింద అన్నీ నాలుగైదు పంక్తుల్లోకి వచ్చేశాయి. హోమర్ లోకంలో ఏది నేరమో తెలుసుకోవాలంటే ఇంతకన్నా చిన్న పాఠం లేదు.

అందులో "బలవంతంగా" అన్నది నేను చేర్చిన మాట కాదు. 37వ పంక్తి చివర "బియాయోస్" అనే క్రియావిశేషణం ఉంది. నాలుగు వందల పంక్తులు దాటాక, శవాలు మోయించి, బల్లలూ కుర్చీలూ కడిగించాక ఆ దాసీలను ఏం చేయాలో కొడుకుకు చెప్పేటప్పుడు అదే ఒడీసియస్ ఇంకొక క్రియావిశేషణం వాడతాడు. వివాహార్థుల కింద పడి వాళ్ళు అనుభవించిన ఆఫ్రొడైటీని (ప్రేమదేవత పేరు, ఇక్కడ పడకసుఖం) మరిచిపోయేదాకా కత్తులతో నరకండి, వాళ్ళు "లాథ్రే" కలిసేవారు, అంటాడు. లాథ్రే అంటే దొంగచాటుగా. అదే ఇల్లు, అదే పగలు, మాట్లాడేది అదే మనిషి. మగవాళ్ళ మీద నేరం మోపేటప్పుడు అది బలవంతం, ఆడవాళ్ళ మీద మోపేటప్పుడు అది దొంగతనం. ఇద్దరికీ శిక్ష చావే.

దీన్ని ఒక్కసారి దొర్లిన మాటగా కొట్టిపారేయడానికీ వీలు లేదు. 16వ సర్గలో ముష్టివాడి వేషంలో ఉన్న ఒడీసియస్, అందమైన ఇంట్లో దాసీలను సిగ్గుమాలిన తీరుగా ఈడ్చుకెళ్ళడం చూడటం కంటే చావు మేలని అంటాడు. 20వ సర్గలో అతని కొడుకు టెలిమాకస్ వివాహార్థుల ముఖం మీదే ఇంచుమించు అవే పంక్తులు చెబుతాడు. అంటే తండ్రికీ తెలుసు, కొడుక్కీ తెలుసు. ఈడ్చడమన్నది ఆ ఇంట్లో నలుగురికీ తెలిసిన సంగతే.

ఇక్కడ మా పెద్దాయన వాదం పూర్తిగా తీసిపారేసేది కాదని ఒప్పుకోవాలి. దాసి శరీరం మీద హక్కు యజమానిది. ఆ యజమాని అనుమతి లేకుండా ముట్టుకుంటే అది యజమాని మీద చేసిన బలాత్కారం. దాసి ఇష్టపడిందా లేదా అనే ప్రశ్నే పుట్టదు. అలా చూస్తే "బలవంతంగా" అంటే "నన్ను కాదని" అని అర్థం, "దొంగచాటుగా" అన్నా అదే అర్థం. రెండు మాటలకీ పేచీ లేదు. చాలా రోజులు ఈ సమాధానం దగ్గరే ఆగిపోయాను. ఒడీసియస్ తండ్రి లేయర్టీస్ సంగతి దీనికి బలం కూడా ఇస్తుంది: యూరిక్లియా అనే దాసిని ఇరవై ఎద్దుల వెలకి కొని, భార్యతో సమానంగా చూసుకుని, భార్యకు కోపం వస్తుందని మాత్రమే ఆమెను ముట్టుకోలేదని 1వ సర్గలో కవి ప్రత్యేకంగా చెబుతాడు. ముట్టుకోకపోవడం చెప్పుకోదగ్గ విశేషమైతే, ముట్టుకోవడం మామూలు సంగతన్నమాట.

కాని ఈడ్చడం మాట దగ్గర ఈ సమాధానం ఆగిపోతుంది. యజమాని హక్కును ఎవరూ జుట్టు పట్టి ఈడ్చరు. ఈడ్చితే ఈడ్వబడేది మనిషే.

నవ్వారు కదా

మా చర్చలో ఒకరు ఇంకొక అభ్యంతరం తెచ్చారు, అది ఇంకా గట్టిది. 20వ సర్గ మొదట్లో ఒడీసియస్ వసారాలో నిద్రపట్టక దొర్లుతుంటే, వివాహార్థుల దగ్గరికి వెళ్ళే దాసీలు ఒకరితో ఒకరు నవ్వుకుంటూ బయటికి వస్తారు. కుక్కపిల్లల మీద నిలబడి కొత్తవాణ్ణి చూసి మొరిగే తల్లికుక్కలా అతని గుండె లోపల మొరిగిందని కవి అంటాడు. నవ్వుతూ వెళ్ళినవాళ్ళని బలవంతం చేశారని ఎలా అంటాం? పైగా మెలాంథో అనే దాసి ఉంది. పెనెలపీ ఆమెను సొంత కూతురిలా పెంచి, ఆడుకోవడానికి బొమ్మలిచ్చిందట. అయినా ఆమె వివాహార్థుల్లో ఒకడైన యూరిమాకస్‌తో కలిసింది, ముష్టివాణ్ణి నోటికొచ్చినట్టు తిట్టింది. పగలు నేసి రాత్రి విప్పుతూ పెనెలపీ మూడేళ్ళు నడిపిన మోసాన్ని నాలుగో ఏడు బయటపెట్టిందీ దాసీలే.

ఇవన్నీ నిజం. ఆ పన్నెండు మందిలో కొందరైనా ఇష్టపడే వెళ్ళి ఉంటారు. ఈడ్వబడినవాళ్ళు వేరు, ఉరికి వెళ్ళినవాళ్ళు వేరు అయ్యే అవకాశం కూడా ఉంది, ఇంట్లో మొత్తం యాభై మంది ఉన్నారు కనుక. నవ్వు విషయంలో మాత్రం నాకొక పాత సంగతి గుర్తొచ్చింది. నా చిన్నప్పుడు మా వీధిలో ఒక ఇంట్లో పనిచేసే ఆమెను ఉన్నపళంగా మాన్పించారు. ఆ ఇంటి పెద్దకొడుకు సంగతి వీధికంతా తెలిసిందే. సాయంత్రం అరుగుల మీద చేరిన ఆడవాళ్ళలో ఒకావిడ "బలవంతమే అయితే అట్లా నవ్వుతూ ఎందుకు తిరిగేదీ?" అంది. మిగతావాళ్ళు తలలూపారు. మా అమ్మ మాత్రం బియ్యం ఏరుతున్న చేట కిందపెట్టి, "ఏడుస్తూ తిరిగితే ఇంకా ముందే మాన్పించేవాళ్ళు" అని లోపలికి వెళ్ళిపోయింది. ఆ మాట అప్పుడు నాకు అర్థం కాలేదు.

మా బృందంలో వీళ్ళని మొదట్నుంచీ కొందరం "పనిమనుషులు" అంటూ వచ్చాం, ఇంకొందరం "పరిచారికలు" అన్నాం. రెండూ మనల్ని మోసం చేసే మాటలే. పనిమనిషికి జీతం ఉంటుంది. మానేసి ఇంకో ఇల్లు చూసుకునే వీలు మాటవరసకైనా ఉంటుంది. పరిచారిక అనగానే నాటకంలో వింజామర పట్టుకున్న అమ్మాయి కళ్ళముందు మెదులుతుంది. యూరిక్లియా తన నోటితో చెప్పిన మాట వేరు: వాళ్ళకి పని నేర్పాం, ఉన్ని ఏకడం నేర్పాం, దాస్యాన్ని భరించడం నేర్పాం, అంటుంది. భరించడం నేర్పవలసిన సంగతి అని ఆ ముసలి దాసికి తెలుసు. ఆ వెంటనే ఆమె చెప్పిన నేరారోపణ వినండి: పన్నెండు మంది సిగ్గు విడిచారు, నన్నూ గౌరవించలేదు, పెనెలపీనీ గౌరవించలేదు. "నన్ను" అన్నదే ముందు వచ్చింది.

ఆ పన్నెండు మందిని ఎంచింది ఆమె ఒక్కతే. అంతకుముందు 19వ సర్గలో ఎవరు తప్పు చేశారో తాను చెబుతానని ఆమె ముందుకొస్తే, నువ్వు చెప్పడమెందుకు, ఒక్కొక్కరినీ నేనే కనిపెడతాను అని ఒడీసియస్ గొప్పగా అన్నాడు. సమయం వచ్చేసరికి కనిపెట్టలేదు, ఆమెనే అడిగాడు. ఏ దాసినీ ఏమీ అడగలేదు.

పూజారి, పాటగాడు

అడగడం అనే పద్ధతే ఆ లోకంలో లేదంటే నేను ఇక్కడితో ఊరుకునేదాన్ని. అదే సర్గలో, ఉరికి కాస్త ముందు, ముగ్గురు మగవాళ్ళు ప్రాణభిక్ష అడుగుతారు. వాళ్ళని చూస్తే నా వాదం నాకే గట్టిపడింది.

మొదటివాడు లియోడీస్. వివాహార్థులకు హోమశకునాలు చూసేవాడు. ఒడీసియస్ మోకాళ్ళు పట్టుకుని, ఈ ఇంట్లో ఏ స్త్రీని ఒక్క మాట అనలేదు, ఏమీ చేయలేదు, చేసేవాళ్ళని ఆపబోయాను, వాళ్ళు వినలేదు, అంటాడు. అబద్ధమనుకోవడానికి లేదు, వాళ్ళ దుర్మార్గం అందరిలో అతనొక్కడికే గిట్టేది కాదని కవి ముందటి సర్గలోనే చెప్పి పెట్టాడు. ఒడీసియస్ ఆ మాట పట్టించుకోకుండా, నేను తిరిగి రాకూడదని నువ్వు ఎన్నిసార్లు మొక్కుకుని ఉంటావో అంటూ తల నరుకుతాడు. మాట్లాడుతుండగానే ఆ తల దుమ్ములో పడిందట. ఇంట్లో ఆడవాళ్ళకి ఏం జరిగిందో చూసి, సాక్ష్యం చెప్పిన ఒక్కడూ అలా పోయాడు.

రెండోవాడు ఫీమియస్, పాటగాడు. నేను ఇష్టపడి వాళ్ళకి పాడలేదు. వాళ్ళు ఎక్కువమంది, నాకన్నా బలవంతులు, బలాత్కారంగా లాక్కొచ్చారు, కావాలంటే నీ కొడుకును అడుగు, అంటాడు. కొడుకు వెంటనే, ఇతని తప్పు లేదు, కొట్టకు, అంటాడు. మూడోవాడు మీడన్, ఇంటి దూత. టెలిమాకస్‌ను చిన్నప్పుడు చూసుకున్నవాడు కాబట్టి అతనూ బతికాడు. ఒడీసియస్ చిరునవ్వు కూడా నవ్వాడు.

ఫీమియస్ విన్నపంలోని ప్రతి మాటా ఆ దాసీలకు వర్తిస్తుంది. ఎక్కువమంది, బలవంతులు, లాక్కుపోయారు, కావాలంటే నీ కొడుకును అడుగు. కొడుకు ఆ ఈడ్పుల సంగతి రెండు సర్గల ముందు తన నోటితోనే చెప్పాడు కూడా. బలవంతాన ఒకరి పంచన చేరినవాడి తప్పు తప్పు కాదనే ధర్మం ఆ లోకంలో ఉంది. అర్థమయ్యేలా చెప్పుకుంటే ప్రాణం దక్కుతుంది. దాసీలకి చెప్పుకునే వంతు రాలేదు, అంతే. (పూజారిని చంపించి పాటగాణ్ణి బతికించడంలో హోమర్ తన వృత్తివాణ్ణి కాచుకున్నాడని నవ్వొస్తుంది కానీ, ఆ నవ్వు ఎక్కువసేపు నిలవదు.)

దేవతలు ఎవరి మాట విన్నారు

మతం సంగతికి వస్తే చిక్కు ఇంకా పెరుగుతుంది. ఆ రోజు తెల్లవారుజామున ఒడీసియస్ ఒక శకునం ఇమ్మని దేవతల రాజు జ్యూస్‌ను అడుగుతాడు. మబ్బు లేని ఆకాశంలో ఉరుము ఉరుముతుంది. లోపల తిరగళ్ళ దగ్గర పన్నెండు మంది ఆడవాళ్ళు పిండి విసురుతారు. పదకొండు మంది పని ముగించి పడుకున్నారు, అందరిలోకీ బలహీనురాలైన ఒకామె ఇంకా విసురుతూనే ఉంది. ఉరుము విని ఆమె తిరగలి ఆపి, తండ్రీ జ్యూస్, ఈ పిండి కోసం నా మోకాళ్ళు విరగ్గొట్టిన వీళ్ళకి ఇదే ఆఖరి భోజనం కావాలి, అని మొక్కుతుంది. ఒడీసియస్‌కు దొరికిన రెండో శకునం ఆ మాటే. కావ్యమంతట్లో ఇంత సూటిగా నెరవేరిన మొక్కులు కొన్నే. ఆమె పేరు మనకు తెలియదు. అక్కడ పన్నెండు, ఇక్కడా పన్నెండు. కవి కావాలని చేశాడో, పన్నెండు అతనికి అలవాటైన సంఖ్యో చెప్పలేను కాని, చూశాక చూడనట్టు ఉండలేకపోయాను.

అంటే దాసి నోటి మాట దేవుడి దాకా వెళుతుంది. యజమాని పగకు పనికొచ్చినప్పుడు వెళుతుంది, అని కూడా చేర్చుకోవాలేమో.

యూరిక్లియా శవాల గుట్టను చూసి సంతోషంతో అరవబోతే ఒడీసియస్ ఆపుతాడు: చచ్చిన మగవాళ్ళ మీద విర్రవీగడం పుణ్యం కాదు, దేవతల విధీ, వాళ్ళ చేతలూ వాళ్ళని కూల్చాయి, అంటాడు. ఎంత నిగ్రహం! దాసీలను పేర్కొనమని ఆమెను అడిగేది ఆ నిగ్రహం తరువాతి ఊపిరిలోనే. కత్తితో నరకమని తండ్రి చెబితే, వీళ్ళకి శుభ్రమైన చావు ఇవ్వనని కొడుకు ఓడకు కట్టే తాడు తెచ్చి కడతాడు. ఇక్కడ కొన్ని 20వ శతాబ్దపు ఇంగ్లీషు అనువాదాలు టెలిమాకస్ నోట బూతుమాటలు పెట్టాయి. మూలంలో "నా తల మీదా మా అమ్మ తల మీదా నిందలు పోసి వివాహార్థుల పక్కన పడుకున్నవాళ్ళు" అని మాత్రమే ఉంది. ఆ బూతులు ఆ కాలానివి కావు, మనకు దగ్గరి కాలానివి.

ఆ తరువాత వచ్చే ఉపమానం మా మిత్రురాలు గబగబా చదివేసింది. గూటికి చేరబోతున్న థ్రష్ పిట్టలో పావురాలో పొదల్లో పన్నిన వలకు తగులుకున్నట్టు, వాటిని ఆ రాత్రి చేర్చుకున్న పడక దారుణమైనదైనట్టు, ఆ ఆడవాళ్ళ తలలు వరసగా నిలిచాయి. పాదాలు కాసేపు కొట్టుకున్నాయి, ఎంతోసేపు కాదు. "అత్యంత దయనీయంగా చచ్చేలా" అని కవే ఒక మాట చేర్చాడు. దోషుల్ని పిట్టలతో పోల్చమని అతన్ని ఎవరు అడిగారు? ఆ పడక అన్న మాటలోనే వాళ్ళ నేరమూ వాళ్ళ గూడూ రెండూ ఉన్నాయి. శిక్ష పూర్తయ్యాక నిప్పూ గంధకమూ తెచ్చి ఇల్లంతా పొగవేసి శుద్ధి చేశారు.

తెలిసి కూడా

హోమర్‌ను స్త్రీల పక్షపాతిగా చూపించే ఉద్దేశం నాకు లేదు. అతని ఇంకో కావ్యం ఇలియడ్‌లో కుస్తీ పోటీకి పెట్టిన బహుమతులు చూడండి: గెలిచినవాడికి పన్నెండు ఎద్దుల విలువ చేసే ముక్కాలి పాత్ర, ఓడినవాడికి పనులన్నీ తెలిసిన ఒక స్త్రీ, ఆమె విలువ నాలుగు ఎద్దులు. కవి ఏ గొంతు మార్పూ లేకుండా చెబుతాడు. అదే ఇలియడ్‌లో బందీ అయిన బ్రైసీస్, గ్రీకు వీరుడు ప్యాట్రోక్లస్ శవం మీద పడి, తన భర్తా ముగ్గురు అన్నదమ్ములూ ఒకే రోజు పోయారని ఏడుస్తుంటే, మిగిలిన బందీ స్త్రీలు ప్యాట్రోక్లస్ పేరు చెప్పి ఎవరి దుఃఖాన్ని వాళ్ళు ఏడ్చారని ఒక్క పంక్తిలో తేల్చేసిన కవీ అతనే. నాలుగు ఎద్దులని లెక్క కట్టిన మనిషికి లోపల ఏముంటుందో అతనికి తెలుసు. ఒడిస్సీలో ఒడీసియస్ ట్రాయ్ నగరం కూలిన పాట విని ఏడ్చినప్పుడు ఎలా ఏడ్చాడు? కూలిన భర్త మీద పడి ఏడుస్తూ, శత్రువులు వెనకనుంచి బల్లేలతో పొడుస్తుంటే దాస్యానికి నడిచే స్త్రీలా ఏడ్చాడట. పట్టణాలు కొల్లగొట్టినవాడికి కొల్లగొట్టబడినదాని కన్నీళ్ళు ఇచ్చాడు. అలాంటి స్త్రీల కూతుళ్ళే కదా ఆ ఇంట్లో ఉన్ని ఏకేది.

తెలియక చేసిన తీర్పయితే "ఆ కాలం" అని ఊరుకోవచ్చు. ఇక్కడ తెలిసి చేశారు. అది మన దగ్గరా జరిగింది. సభలో ద్రౌపదిని దాసి అన్నారని మనకు రక్తం మరుగుతుంది. ఆమె దాసి కాదు గనక మరుగుతుంది. అదే జూదంలో, ఆమెకన్నా చాలా ముందు, నగలు పెట్టుకున్న లక్షమంది దాసీలను ధర్మరాజు ఒక్క పందెంలో ఒడ్డి ఓడిపోయాడు. వాళ్ళ గురించి ధర్మసందేహం ఎవరికీ రాలేదు, సంస్కృత సభాపర్వం చదివేటప్పుడు నాకూ రాలేదు. ఇంతకీ మా పెద్దాయన్ని తప్పుపట్టే అర్హత నాకెంత ఉందో ఆ శ్లోకం దగ్గరే అర్థమైంది.

చనిపోయిన వివాహార్థులకు దిక్కున్నారు. మరునాడే వాళ్ళ బంధువులు పగ తీర్చుకోవడానికి ఆయుధాలు పట్టుకుని వస్తారు, దేవతలు జ్యూస్, అథీనా కలగజేసుకుంటే తప్ప ఆ గొడవ ఆగదు. దాసీల కోసం ఎవరూ రారు. ఆ పన్నెండు మంది పేర్లు కూడా కవి చెప్పడు. మెలాంథో వాళ్ళలో ఉందో లేదో చెప్పడు, ఉందనే అందరం అనుకుంటాం. ఆమె సోదరుడు, మేకలకాపరి మెలాంథియస్‌ను మాత్రం ఆ రోజే ముక్కూ చెవులూ కోసి, కాళ్ళూ చేతులూ నరికారు.

ఆ ఇద్దరి తండ్రి పేరు డోలియస్. మరునాడు 24వ సర్గలో, లేయర్టీస్ తోటలో పనిచేసే ముసలి దాసు ఒకడు ఆరుగురు కొడుకులతో పొలంనుంచి వస్తాడు; అతని పేరూ డోలియస్. ఇద్దరూ ఒకరు కాదనే పండితులున్నారు. కావచ్చు. కాని కవి వేరే పేరు పెట్టలేదు. లోపల భోజనానికి కూర్చున్నవాళ్ళలో ఒడీసియస్‌ను గుర్తుపట్టి వాళ్ళు నిర్ఘాంతపోతే, కూర్చో ముసలాయనా, నీ కోసమే ఎంతసేపటినుంచో ఆగాం, అంటాడు ఒడీసియస్. డోలియస్ రెండు చేతులూ చాచి పరిగెత్తి వెళ్ళి, నిన్న ఆ ఆజ్ఞలన్నీ ఇచ్చిన మనిషి చేతిని అందుకుని మణికట్టు దగ్గర ముద్దు పెట్టుకుంటాడు. నువ్వు వచ్చిన సంగతి పెనెలపీకి తెలుసా, లేక మేం కబురు పంపాలా, అని అడుగుతాడు.

ఆమెకు ఇప్పటికే తెలుసు, నీకెందుకు ఆ శ్రమ, అంటాడు ఒడీసియస్. ముసలాయన మళ్ళీ తన పీట మీద కూర్చుంటాడు.